బి సైడు చివర

"రీయూనియన్ సావనీరుకి ఏదైనా రాయరా, రెండు పేజీలు చాలు, కానీ నాలుగేళ్ళూ కవరవ్వాలి" అని మన క్లాసు లీడరు సీఆర్ ఫోన్ చేసి నెల దాటింది. వాడిప్పుడు ఏదో బ్యాంకులో వైస్ ప్రెసిడెంటట, అయినా గొంతు మారలేదు, అటెండెన్స్ రిజిస్టరు చంకలో పెట్టుకుని మాట్లాడుతున్నట్టే ఉంది. నాలుగేళ్ళూ కవర్ చెయ్యడం నా వల్ల కాదు. ఫస్టియర్ ర్యాగింగ్ గురించి పెసరట్టుగాడు రాస్తాడు, పోయిన సంచికలోనూ అదే రాశాడు. థర్డియర్ నాకు నిజంగానే గుర్తులేదు. ఫైనలియర్ ప్రాజెక్టు గురించి ఎవరూ నోరెత్తకపోవడమే మంచిది, ఆ గేర్‌బాక్సుకి వెల్డింగ్ ఎవరు చేశారో తెలిసినవాళ్ళు ఈ కమిటీలోనే ఉన్నారు. అందుకని నేను హాస్టల్ రూమ్ 214 గురించి, ఢిల్లీగాడి క్యాసెట్ డెక్ గురించి, మన వార్డెన్ కొట్టాయం సార్ గురించి రాస్తాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

మన బ్లాకులో పార్టీలు గుర్తున్నాయి కదా. సినిమా పాట కాకపోతే చాలు, దాన్ని ప్రైవేట్ ఆల్బమ్ అనేవాళ్ళం. ఇండీ అనే మాట అప్పటికి మన చెవిన పడలేదు. ఆ ప్రైవేట్‌లో మళ్ళీ వర్గాలు. కింద ఫ్లోరంతా యూఫోరియా, పెసరట్టు బ్యాచ్ సిల్క్ రూట్, మెస్ సెక్రటరీ ఒక్కడే లక్కీ అలీ, వాడిది లవ్ ఫెయిల్యూర్ కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పరిక్రమ గురించి పేపర్లో చదవడమే తప్ప ఒక్క పాట విన్నవాడు లేడు, అయినా ఫ్యాన్స్ ఉన్నారు, గొడవలకీ దిగేవాళ్ళు.

2000లో, మనం సెకండియర్‌లోకి వచ్చాక, ఢిల్లీగాడు సెలవులకి వాళ్ళ ఊరెళ్ళి 'కందీశా' క్యాసెట్టు పట్టుకొచ్చాడు. ఇండియన్ ఓషన్ అనే బ్యాండుది. నేను ఇంకో కాపీ కొందామని జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ దాకా షాపులన్నీ తిరిగాను, ఒక్కళ్ళకీ పేరు తెలీదు. "ఓషనా? బీచ్ పాటలా బాబూ?" అన్నాడు ఒకాయన. దాంతో 214లో ఉన్న ఆ ఒక్క క్యాసెట్టే వైజాగ్ మొత్తానికీ దిక్కని మనం డిసైడైపోయాం.

మొదటిసారి విన్నప్పుడు నాకేమీ ఎక్కలేదు, నిజం చెప్తున్నా. గిటారు ఏదో సితార్‌లా తిరుగుతూ ఉంటుంది, తబలా వాయించేవాడే పాడుతుంటాడు, డ్రమ్సుకీ తబలాకీ తగువు రాకుండా మధ్యలో బేస్ గిటారు పెద్దరికం చేస్తుంటుంది. మాటలు ఎప్పుడొస్తాయిరా అని లోడు విసుక్కునేవాడు. వారం అయ్యేసరికి వాడే పళ్ళు తోముకుంటూ ఆ బేస్ లైను కూనిరాగం తీస్తున్నాడు. ఆ బేస్ వాయించే రాహుల్ రామ్ కాన్పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలో కార్నెల్‌లో పీహెచ్‌డీ చేసి, నర్మదా ఉద్యమంలో తిరిగి, ఆ తర్వాత బ్యాండులో చేరాడని ఢిల్లీగాడు చెప్పాడు. అదే ముక్క నేను మా నాన్నకి చెప్పాను, గిటారుకి డబ్బులడిగే ముందు. "ముందు పీహెచ్‌డీ చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నాడాయన. అంతటితో ఆ చాప్టర్ క్లోజ్.

ఇక సార్ వచ్చిన రాత్రి. ఇది చాలామంది చాలా రకాలుగా చెప్తారు, పెసరట్టయితే సార్ చేతిలో కర్ర కూడా పెడతాడు. కర్ర లేదు. టార్చిలైటు ఉంది. పదకొండు దాటింది, వార్డెన్ రౌండ్సుకి టైమే, అయినా మనవాళ్ళు సౌండు తగ్గించలేదు. డెక్ పక్కన ఆ పూర్ణా మార్కెట్లో చేయించిన స్పీకరు డబ్బా, దాని మీద బక్కోడి స్టీలు గ్లాసు, అడుగున రెండు గుక్కల నీళ్ళు. కందీశా పాట నడుస్తోంది. బేస్ కిందికి దిగినప్పుడల్లా గ్లాసు జుయ్యిమని మోగుతోంది, నీళ్ళ మీద సన్నటి గుండ్రాలు లేస్తున్నాయి. తలుపు తోసుకుని సార్ లోపలికొచ్చారు. అందరం లేచాం. ఆయన మమ్మల్ని చూడలేదు. స్పీకరు దగ్గరికి నడిచి, చూపుడువేలు గ్లాసు అంచు మీద పెట్టారు. మోత ఆగింది. "రెసొనెన్స్" అన్నారు. అని, వేలు అక్కడే ఉంచి, ఢిల్లీగాడి ట్రంకుపెట్టె మీద కూర్చుని పాట చివరిదాకా విన్నారు.

అయిపోయాక "ఇది ఏ భాష తెలుసా?" అని అడిగారు. ఎవడికి తెలుసు, లోడు ధైర్యం చేసి "బెంగాలీ సార్" అన్నాడు. ఆయన నవ్వలేదు. సిరియాక్ అనీ, కందీశా అంటే పరిశుద్ధుడు అనీ, వాళ్ళ చర్చిలో పాడేదే అనీ చెప్పారు. 1962లో పూజ మలయాళంలోకి మారిందట, వాళ్ళమ్మగారికి మాత్రం పాతదే నోటికి వచ్చట. "కానీ వీళ్ళు చాలా స్లోగా పాడుతున్నారు. మా అమ్మ ఇలా పాడదు" అన్నారు, ఇంటర్నల్లో సగం మార్కు కోసేసినట్టు. డెక్ నొక్కి క్యాసెట్టు తీసుకుని జేబులో వేసుకున్నారు. "ఒక రోజు" అన్నారు.

ఆ ఒక రోజు 2003 మే దాకా నడిచింది.

కానీ మనకి కాపీ ఉంది కదా, బక్కోడు అప్పటికే ఒక ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి పెట్టాడు, వాడికి అన్నిటికీ బ్యాకప్ ఉండేది, సప్లీలకి తప్ప. ఆ కాపీ విని విని యాన్యువల్ డేకి ఆ పాట తయారు చేశాం. మన బ్యాండుకి చివరిదాకా పేరు కుదరలేదు, నోటీసు బోర్డు మీద ఒకలా, స్టేజీ మీద ఇంకోలా చదివారు. బక్కోడి గిటారుకి అయిదే తీగలు. తబలా లేదు, వినాయక చవితి పందిరి నుంచి తెచ్చిన డోలక్కు. నేను బేస్, అంటే ఆ అయిదు తీగల గిటారులోనే పై తీగ నేను పక్కన నిలబడి మీటాలని వాడు మొదట ప్లాన్ వేశాడు, ఆఖరి నిమిషంలో సీనియర్ల కాళ్ళు పట్టుకుంటే ఒక కీబోర్డు దొరికింది, ఎడంచేత్తో లాగించాను. రెండు నిమిషాలయ్యేసరికి వెనక నుంచి కేకలు మొదలు. చిరంజీవి పాట, చిరంజీవి పాట. ఎవరో చెప్పు కూడా విసిరారు, అది ఈసీఈ వాళ్ళ పనేనని ఇప్పటికీ నా నమ్మకం.

సరిగ్గా అప్పుడు ముందు వరసలో కొట్టాయం సార్ లేచి నుంచున్నారు. చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి. వెనకవాళ్ళు "సార్ కూర్చోండి, కనపడట్లేదు" అని అరుస్తున్నారు. ఆయన కదల్లేదు. పక్కన ప్రిన్సిపాల్ గారు ఒకసారి సార్ వైపు, ఒకసారి స్టేజీ వైపు చూసి, ఇదేదో గీతం కాబోలు అనుకున్నారో ఏమో, ఆయనా లేచారు. ప్రిన్సిపాల్ లేస్తే హెచ్‌ఓడీలు ఊరుకుంటారా? ముందు వరసంతా లేచింది. దాని వెనక రెండో వరస. డోలక్కు వాయిస్తున్న లోడు భయపడి ఆపబోయాడు, ఆపకురా అని నేను కళ్ళతోనే బతిమాలాను. పాట అయ్యేసరికి మైదానంలో కేకల్లేవు, చిరంజీవి లేడు, రెండు వేల మంది నుంచుని ఉన్నారు. మన కాలేజీలో అంతకుముందూ ఆ తర్వాతా ఏ బ్యాండుకీ అది జరగలేదు. ఎందుకు లేచారని ప్రిన్సిపాల్ గారిని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ పాట పాడేటప్పుడు వాళ్ళ చర్చిలో నుంచుంటారని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది.

థర్డియర్‌లో గుర్తున్నది ఒక్కటే. వైబ్రేషన్స్ ఇంటర్నల్లో అయిదో ప్రశ్న: ఒక హాస్టల్ గదిలో స్పీకరు మీద స్టీలు గ్లాసు ఉంది, దాని మోత ఆపడానికి మూడు మార్గాలు రాయుము. నేను మొదటి మార్గం "వార్డెన్ వేలు" అని రాసి కొట్టేశాను. కొట్టేసినా కనపడుతూనే ఉందట, పేపరు ఇచ్చేటప్పుడు అరమార్కు వేశానని చెప్పారు.

ఫేర్‌వెల్ రోజు స్టాఫ్‌రూముకి పిలిచి క్యాసెట్టు చేతిలో పెట్టారు. థ్యాంక్యూ అన్నాను, అంతే. అది ఢిల్లీగాడిది కదా నీ దగ్గరెందుకుందిరా అని వాడు ఇది చదివాక అడుగుతాడు. అడగనీ.

తర్వాత పుణె. మీలో సగం మంది కోడింగులోకి వెళ్ళారు, నేను మెకానికల్‌లోనే ఉండిపోయాను, మొదట్లో జీతాలు పోల్చుకున్నప్పుడు బాధగా ఉండేది, ఇప్పుడు లేదు. నా పని ఎన్‌వీహెచ్, అంటే బండిలో మోతా వణుకూ తగ్గించడం. చుట్టూ ఫోమ్ దిమ్మలు బిగించిన గది ఒకటి ఉంటుంది మాకు, లోపల ఒంటరిగా కూర్చుంటే మన ఊపిరి మనకే వినపడుతుంది. మీలో కొందరు నడిపే ఒక డీజిల్ బండిలో, మోడల్ చెప్పకూడదు, ఐడిలింగ్‌లో గేరు రాడ్డు జుయ్యిమనదు చూడండి, ఆ పేటెంటు మీద ఉన్న మూడు పేర్లలో ఒకటి నాది. ఇంటర్వ్యూలో రెసొనెన్స్ గురించి అడిగితే నేను గ్లాసు కథే చెప్పాను మరి.

ఏటా క్రిస్మస్‌కి సార్‌కి ఫోన్ చెయ్యడం అలవాటు. 2009 డిసెంబరు 25న చేసేసరికి నా నోట మాట సరిగా రాలేదు, ఆ రోజే ఢిల్లీలో అషీమ్ చక్రవర్తి పోయాడు. తబలా వాయిస్తూ పాడేది ఆయనే. హ్యాపీ క్రిస్మస్ అనాలో ఇది చెప్పాలో తెలీక రెండూ కలిపి చెప్పేశాను. సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "క్యాసెట్టు పూర్తిగా విన్నావా?" అని అడిగారు.

"చాలాసార్లు విన్నాను సార్."

"లేదు. నువ్వు వినలేదు" అన్నారు, అదే ఇంటర్నల్ గొంతుతో.

పెట్టెలోంచి తీశాను. అప్పుడు చూశాను సరిగ్గా. కంపెనీ క్యాసెట్టుకి పైన రెండు చిన్న గుంటలుంటాయి కదా, దాని మీద ఇంకేదీ రికార్డవ్వకుండా. బి సైడు గుంట మీద సెల్లో టేపు ముక్క అతికించి ఉంది, పసుపుపచ్చగా మారిపోయి. ఆరేళ్ళుగా అది హాస్టల్ రిపేరు అనుకున్నాను. ఆఖరి పాట అవ్వగానే ఆపేయడం మనందరికీ అలవాటే, దాని తర్వాత మిగిలిన ఖాళీ టేపు ఎవరు వింటారు? ఈసారి ఆపలేదు. కాసేపు సర్ర్‌మని చప్పుడు, టక్కుమని ఒక బటను, తర్వాత ఒక ముసలావిడ గొంతు. ఏ వాయిద్యమూ లేదు. అదే కందీశా, సార్ చెప్పినట్టే, మనవాళ్ళకంటే గబగబా. మధ్యలో ఒక కుక్కర్ కూత. ఆవిడ ఆగలేదు, కూత అయ్యేదాకా గొంతు కొంచెం పెంచింది, అంతే. చివర్లో సార్ గొంతు మలయాళంలో ఏదో ఒక్క ముక్క, ఇక టేపు ఖాళీ.

తర్వాత దాన్ని మా ల్యాబ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కరెంటు హమ్ము తీసేశాను, అది యాభై హెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు కనపడుతుంది, తియ్యడం తేలిక. కుక్కర్ కూత కూడా తియ్యొచ్చు, అలాంటివి తీసినందుకే నాకు జీతమిస్తారు. తియ్యలేదు.

ఇండియన్ ఓషన్‌ని నేను స్టేజీ మీద చూడ్డం ఆ తర్వాతే, పుణెలో. అషీమ్ లేడు, హిమాంశు జోషి పాడుతున్నాడు, తుహిన్ తబలా, బాగానే ఉంది, కొత్తవాళ్ళని తిట్టే బ్యాచ్ కాదు నేను. 2010లో వాళ్ళు నెలకో పాట చొప్పున నెట్‌లో ఊరికే పెట్టినప్పుడు మన గ్రూపులో అందరికీ మెయిల్ చేశాను, డౌన్‌లోడ్ చేసింది మెస్ సెక్రటరీ ఒక్కడే. 2013లో గిటారు సుస్మిత్ సేన్ కూడా బయటికొచ్చేశాక ఢిల్లీగాడు నాకు ఫోన్ చేసి అరగంట తిట్టాడు, నేనేదో ఆయన్ని పంపించేసినట్టు.

సీఆర్, ఇక నీకు పని. సార్ వస్తానన్నారు. ఎర్నాకుళంలో రైలెక్కుతారు, టికెట్టు నేనే తీస్తున్నా, లోయర్ బెర్తు. స్టేషనుకి ఎవరో ఒకరు కారుతో వెళ్ళండి, లోడు కాకుండా. సౌండు వాళ్ళని క్యాసెట్ ప్లేయరు అడిగితే నవ్వుతారు, అడగొద్దు, నా డెక్ నేను తెచ్చుకుంటాను, హెడ్ క్లీన్ చేసి ఉంచాను. భోజనాల ముందే పెట్టాలి, తర్వాతయితే ఎవరూ ఉండరు. సార్‌కి రెండు మోకాళ్ళకీ ఆపరేషనయింది. ఆ ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, ముందు వరసలో చేతులున్న చెక్క కుర్చీ ఒకటి వేయించు, లేవడానికి పట్టు ఉండాలి.