టావోస్‌లో ఒక మట్టి ఇల్లు

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో శాంటా ఫే నుంచి టావోస్ 70 మైళ్ళు. ఊరు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. కారు దిగి గబగబా నడిస్తే ఆయాసం వస్తుంది. నడిబొడ్డున, చౌరస్తాకు కూతవేటు దూరంలో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్నదే వేటగాడిగా, దారి చూపేవాడిగా పేరు పొందిన కిట్ కార్సన్ ఇల్లు. 1825 ప్రాంతంలో కట్టారు. అప్పుడీ నేల మెక్సికోది.

చూడగానే మన రాయలసీమ మట్టిమిద్దెలు గుర్తొచ్చాయి. గడ్డి కలిపిన మట్టితో ఇటుకలు పోసి, కాల్చకుండా ఎండబెట్టి గోడలు లేపారు. పైన మట్టిపూత. బయట ఎండ మాడుస్తున్నా లోపల చల్లగా ఉంది. గదులు చిన్నవి, తలుపులు పొట్టివి. పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇంత చోటులో పిల్లల్ని ఎలా సాకారో!

కార్సన్ 1843లో జోసెఫా హరమీయోను పెళ్ళాడి ఈ ఇల్లు కొన్నాడు. అతను ఎక్కువకాలం ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఇల్లు నడిపింది ఆమే. 1847 జనవరిలో టావోస్‌లో అప్పుడే కొత్తగా వచ్చిన అమెరికా పాలన మీద తిరుగుబాటు లేచింది. జోసెఫా బావగారు, గవర్నర్ చార్లెస్ బెంట్‌ని ఆయన ఇంట్లోనే చంపేశారు. అప్పుడు జోసెఫా అక్కడే ఉంది. ఆడవాళ్ళు మట్టిగోడకు కన్నం తవ్వి పిల్లలతో సహా పక్కింట్లోకి తప్పించుకున్నారు. కార్సన్ సాహసాల కన్నా నాకు ఇదే పెద్ద కథ.

ఈ ఇంటి యజమానే 1863-64లో సైన్యంతో అక్కడి ఆదివాసులైన నవాహోల మీదికి వెళ్ళి వాళ్ళ ఇళ్ళు, మొక్కజొన్న చేలు తగలబెట్టించాడు. ఆ దండయాత్రలోనే సైనికులు నవాహోల లోయ కాన్యన్ డి షేలో పీచ్ చెట్లు నరికేశారు. తిండి లేక లొంగిపోయిన 8,000 మందికి పైగా నవాహోలను 300 మైళ్ళకు పైగా నడిపించి బోస్కే రెడోండో అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. దారిలో, అక్కడా ఎందరో చనిపోయారు. ఇది తెలిసి ఆ గదుల్లో తిరగడం నాకు కష్టంగానే అనిపించింది. అయినా తెలుసుకునే వెళ్ళాలి.

1868 ఏప్రిల్‌లో కాన్పయిన కొద్దిరోజులకే జోసెఫా పోయింది. మే 23న కార్సన్ పోయాడు. ఇద్దరి సమాధులూ టావోస్‌లోనే ఉన్నాయి. ఆ జూన్ 1న కుదిరిన ఒప్పందంతో నవాహోలు తమ నేలకు తిరిగి వెళ్ళారు.

టావోస్ చూసేవాళ్ళు వీలుంటే అరిజోనాలోని కాన్యన్ డి షేకి కూడా వెళ్ళండి. నవాహో కుటుంబాలు ఇప్పటికీ అక్కడ ఉంటున్నాయి, సేద్యం చేసుకుంటున్నాయి.