ఇంట్లో పిలిచే పేరు

"అమ్మా, ఇకనుంచి ఇంట్లో కూడా నన్ను 'య'తోనే పిలువు" అంది మా అమ్మాయి.

తన పేరు 'జ'తో మొదలవుతుంది. రాసేటప్పుడు అది J. ఇక్కడ జర్మన్‌లో ఆ అక్షరాన్ని 'య' అని చదువుతారు. బడిలో చేరిన రోజు నుంచి అందరి నోటా అలాగే స్థిరపడిపోయింది. నేను కుదరదన్నాను. "మరి సోఫీ మార్చుకుంది కదా?" అంది.

సోఫీ మీద బడికి వ్యాసం రాస్తోంది. 1729లో స్టెటిన్‌లో పుట్టిన జర్మన్ రాకుమారి, తర్వాత రష్యాను ఏలిన కేథరిన్. పద్నాలుగేళ్ళకే పెళ్ళి సంబంధం కోసం తల్లితో రష్యా వెళ్ళింది. రాత్రిళ్ళు లేచి, ఒట్టి కాళ్ళతో గదిలో తిరుగుతూ రష్యన్ పాఠాలు వల్లెవేసి, ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఆ జబ్బులో తల్లి తమ లూథరన్ క్రైస్తవ శాఖ పాస్టర్‌ను పిలిపిస్తానంటే, వద్దు, తనకు రష్యన్ల ఆర్థడాక్స్ క్రైస్తవ మతం బోధిస్తున్న సిమోన్ తొదోర్‌స్కీని పిలవమంది. మా అమ్మాయికి ఈ ఘట్టమంటే ఎంత ఇష్టమో!

నా మనసు మాత్రం తండ్రి దగ్గర ఆగిపోయింది. క్రిస్టియన్ ఆగస్ట్ నిష్ఠగల లూథరన్. మతం విడవవద్దని కాగితం మీద జాగ్రత్తలు రాసిచ్చి మరీ కూతురిని పంపాడు. ఆ ఏడాది జూన్‌లోనే ఆమె మతం మారి ఎకతెరీనా అలెక్సేయెవ్నా అయింది. రష్యన్ల పేర్లలో రెండోది తండ్రి పేరు మీద వస్తుంది. ఈమెకు అదీ దక్కలేదు. అప్పటి రష్యా మహారాణి ఎలిజబెత్ తన తల్లి పేరునే మొత్తంగా ఈ పిల్లకు పెట్టింది. 1745లో జరిగిన పెళ్ళికి తండ్రికి పిలుపు లేదు. 1747లో ఆయన పోయినప్పుడు, వారం ఏడ్చింది చాలు, మీ నాన్న రాజేమీ కాదు కదా అని కూతురికి కబురు పెట్టారట. వంటింట్లో నిలబడి అది చదువుతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు.

కొత్తగా వచ్చిన తల్లులకు నేనెప్పుడూ ఒకటే చెబుతాను: ఇంట్లో తెలుగే మాట్లాడండి, పిల్లల పేరు అందరి చేతా సరిగ్గా పలికించండి. కానీ నా మెడలో వేలాడే ఆఫీసు కార్డు మీద ఉన్నది మా నాన్న పెట్టిన పేరు కాదు. వాళ్ళకు తేలికగా ఉంటుందని మొదటి వారమే నేనే సగానికి కుదించి చెప్పాను. ఎవరూ అడగలేదు. పిల్ల నాలుగేళ్ళప్పుడు తడుముకోకుండా జర్మన్ మాట్లాడితే, ఆ వీడియో విజయవాడకు పంపి మురిసిపోయిందీ నేనే. డాక్టరు దగ్గర నా తరఫున తననే మాట్లాడమంటాను. ఇప్పుడు ఒక్క అక్షరం దగ్గర ఎందుకింత మొండిపట్టు పడుతున్నానో, అది తన కోసమో నా కోసమో, నాకే తెలియడం లేదు. సోఫీ అంత పట్టుదలగా నేర్చుకోకపోతే ఆ దేశంలో నిలబడగలిగేదా?

రాత్రి అన్నం వడ్డించి పిలవబోయాను. నాలుక మీద రెండక్షరాలూ ఒక్కసారే వచ్చి ఆగాయి.

"అమ్మలూ, అన్నానికి రా" అన్నాను.

వచ్చి కూర్చుని, పప్పులో నెయ్యి వేయమని కంచం నా వైపు జరిపింది.