కొండ కడుపులో ఒక గంట

నిన్న లక్సెంబర్గ్‌లో బాక్ సొరంగాల్లోకి దిగాం. 963లో సీగ్‌ఫ్రీడ్ అనే ప్రభువు సొంతం చేసుకున్న రాతికొండ అది. దాన్ని 1644లో స్పెయిన్ వాళ్లు తొలవడం మొదలుపెట్టారు. లక్సెంబర్గ్‌ను తటస్థ దేశంగా చేసిన 1867 లండన్ ఒప్పందం తర్వాత పైన కోటను కూల్చేశారు కానీ, సొరంగాలు పేలిస్తే ఊరే దెబ్బతింటుందని వదిలేశారు. ఇంకా 17 కిలోమీటర్ల దాకా మిగిలాయి!

ఇరుకు మెట్లు, చల్లటి రాయి. పాప నా చెయ్యి వదల్లేదు. ప్రపంచ యుద్ధాల్లో 35,000 మందికి చోటిచ్చిన గోడలివి అని తెలిశాక నాకు గొంతు పట్టేసింది. ఇంతే చీకట్లో ఎందరు తల్లులు పిల్లల్ని ఇలాగే పట్టుకుని కూర్చున్నారో.

ఫిరంగి కోసం తెరిచిన కంతలోంచి చూస్తే కింద అల్జెట్ నది, గ్రుండ్ పేట ఇళ్లు. అక్కడే చాలాసేపు నిలబడిపోయాం.