వరహాపురం అగ్రహారం దాకా

తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కేటప్పటికి ఇంకా మంచు విడలేదు. 2024 సంక్రాంతి సెలవులు. బ్యాగులో నా బట్టలు ఒక జతే. మిగతాదంతా నాన్న దాచుకున్న పేపర్ కటింగులు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్కులో కొన్నిటిని మైదాపిండి జిగురుతో అంటించారు. ఓపిక తగ్గాక వచ్చినవి ఊరికే మడిచి లోపల పెట్టారు. అన్నీ కథకుడు, హాస్య వ్యంగ్య రచయిత శ్రీరమణ గారి కాలమ్సే.

ఆయన 2023 జులై 19న హైదరాబాద్‌లో పోయారు. అప్పటికి నాన్న లేక ఏడాది. టీవీలో ఆ వార్త చూడగానే ‘అయ్యో, నాన్నకి చెప్పాలి’ అనిపించింది. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. శ్రీరమణ గారు పుట్టిన ఊరు ఒక్కసారి చూసి రావాలని ఆరోజే అనుకున్నాను.

జంపని దాటితే వేమూరే. వరి కోసేసిన మాగాణుల్లో మినుము జానెడెత్తు లేచి, ఆకుల మీద మంచు మెరుస్తోంది. స్టేషన్ బయట టీ తాగి, వరహాపురం అగ్రహారానికి దారి అడిగాను. ఇదివరకు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. శ్రీరమణ గారు అక్కడ పుట్టింది 1952లో.

శ్రీరమణ అనగానే అందరికీ ఆయన కథ ‘మిథునం’ గుర్తొస్తుంది. రావాలి కూడా. బాపు గారు ముచ్చటపడి ఆ కథ మొత్తాన్ని తన చేతిరాతతో తిరిగి రాసుకున్నారు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాన్ని 2000లో మలయాళంలో సినిమా తీశారు. 2012లో తనికెళ్ల భరణి గారు ఎస్పీ బాలు, లక్ష్మిలతో తెలుగులో తీశారు. కానీ మా ఇంట్లో శ్రీరమణ అంటే పేపర్లో వచ్చే మనిషి. ఆంధ్రజ్యోతిలో ‘రంగులరాట్నం’, సాక్షిలో ‘అక్షర తూణీరం’. ఆ రోజు పేపర్ ముందు నాన్న చేతికే వెళ్లాలి. ఆయన చదువుతూ ఒకచోట ఆగి నవ్వేవారు. ఆ తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మకి పైకి చదివి వినిపించేవారు. అమ్మ పోపు మాడకుండా చూసుకుంటూనే నవ్వేది.

కథయితే పుస్తకంలో పదిలంగా ఉంటుంది. కాలమ్ మర్నాటికల్లా బీరువా అరలోకో పల్లీల పొట్లంలోకో వెళ్లిపోతుంది. నాన్న బెంగ అదే. అందుకే కత్తెర పట్టుకునేవారు. ప్రతి కటింగు మూలా నీలం ఇంకుతో తేదీ. నచ్చిన వాక్యం కింద గీత.

శ్రీరమణ గారు నాయకుల మీద రాసినా గొంతు పెంచేవారు కాదు. ఏదో పల్లెటూరి కబురు మొదలుపెట్టి, వాన గురించో ఆవకాయ గురించో చెబుతూ మనల్ని చెయ్యి పట్టుకుని నడిపించేవారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో చివరి రెండు మూడు వాక్యాల దాకా తెలిసేది కాదు. అక్కడ తగిలేది. కవుల మీద రాసిన పేరడీలూ అంతే, ఆ కవుల మీద ప్రేమ లేకపోతే అంత బాగా కుదరవు. ఆ తెలుగు ఎక్కడ పుట్టిందో చూడాలనే నా ఆశంతా.

అగ్రహారంలో ఒక పెంకుటింటి అరుగు మీద పెద్దాయన ఎండకి కూర్చుని ఉన్నారు. నన్ను కిందా మీదా చూసి, “ఎవరింటికి బాబూ?” అన్నారు.

“శ్రీరమణ గారి ఊరు చూద్దామని వచ్చానండీ.”

ఒక్క క్షణం ఏమీ అనలేదు. కాస్త జరిగి చోటిచ్చి, “కూర్చో. కాఫీ తాగుతావా?” అన్నారు. ఇంట్లోకి కేకేసి చెప్పారు కూడా.

నోట్‌బుక్కు తీశాను. ఆయన ముందు తేదీలు చూశారు. అంచుల్లో పసుపుబారి, మడత దగ్గర చిరుగుపట్టిన ఒక కటింగుని రెండు వేళ్లతో మెల్లగా విప్పారు. ఎన్నికల వాగ్దానాల మీద రాసింది. దాని కింద పక్కన నాన్న వేలిముద్ర, జిగురు తడిలో పడి ఎండిపోయినది. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. తొందర లేదు. కామా దగ్గర కామాలా, చుక్క దగ్గర చుక్కలా ఆగుతూ చదివారు. కాఫీ తెచ్చిన ఆవిడ గ్లాసులు అరుగు మీద పెట్టి, స్తంభానికి ఆనుకుని వింటూ నిలబడిపోయింది.

మూడో పేరా చివర ఆయన ఆగారు. భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నారు.

సరిగ్గా నాన్న గీత గీసిన వాక్యం అది. నాకు గొంతు పట్టేసింది.

“మీ నాన్నగారిదా ఈ గీత?” అన్నారు. తల ఊపాను. “మంచి చదువరి,” అన్నారు మెల్లగా.

కాఫీ చల్లారిపోతోందని ఆవిడ గుర్తుచేసింది. తెనాలి వెళ్లే బండికి ఇంకా టైముందని పెద్దాయనే చెప్పారు. రెండో కటింగు విప్పి ఆయన చేతికిచ్చాను.