సెల్ఫ్ తిరుగుతుంది గానీ బండి అందుకోదు

కువైట్‌లో జులై నెలలో పాత అమెరికన్ బండి సెల్ఫ్ తిరిగి కూడా స్టార్ట్ కాలేదంటే ఎవరిని అడిగినా ఒకటే మాట, వేడికి పెట్రోల్ ఆవిరైపోయుంటది, పంపు మార్చేయి అంటారు. వాళ్ళ మాటలో అర్థం లేకపోలేదు, 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది, ఇంజన్ నెత్తిన కూర్చున్న కార్బొరేటర్‌లో పెట్రోల్ ఉడికిపోవడం నిజంగానే జరుగుతుంది. కాకపోతే గ్యారేజీలుండే షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియా‌లో ఇన్నేళ్ళుగా నేను చూసినవాటిలో ఎక్కువ బండ్లకి రోగం కరెంటులోనే ఉంటుంది, తిట్లు మాత్రం పెట్రోల్ తింటుంది.

పోయిన ఎండాకాలం ఒక కువైటీ పెద్దాయన 1978 షెవర్లే కాప్రిస్ క్లాసిక్‌ని రికవరీ బండి మీద తెచ్చి మా షెడ్డు ముందు దించాడు. 350 వీ8, అంటే 5.7 లీటర్లు, నాలుగు నోళ్ళ క్వాడ్రాజెట్ కార్బొరేటర్. ఇక్కడ కాప్రిస్ అంటే మన దగ్గర అంబాసిడర్ మీద ఉండే ప్రేమ లాంటిదే, నాన్న నడిపిన బండి, అమ్మరు. అంతకుముందు ఇంకో గ్యారేజీలో పెట్రోల్ పంపు కొత్తది వేశారు, కార్బొరేటర్ విప్పి రిపేరు కిట్టు వేశారు, ప్లగ్గులు మార్చారు, బిల్లు బాగా కట్టించుకున్నారు, బండి మాత్రం అలాగే ఉంది. పెద్దాయన చాలా కోపంగా ఉన్నాడు. "రఫీక్, నువ్వు కూడా పంపే అంటావా?" అన్నాడు నన్ను చూడగానే. రఫీక్ అంటే దోస్తు, ఇక్కడ మాలాంటి పనోళ్ళని పిలిచే మాట.

మా గ్యారేజీలో కొత్త బండ్లన్నీ స్కానర్ పట్టుకునే కుర్రాళ్ళకి పోతాయి, కమీషన్ అక్కడే ఉంటది, ఏసీ బే కూడా వాళ్ళదే. కాప్రిస్‌కి స్కానర్ పెట్టడానికి సాకెట్టే లేదు కాబట్టి రేకుల షెడ్డులో ఉండే నాకు తోస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూల్ ఉంది, మా నెత్తిన రేకు ఉంది కాబట్టి మాకు వర్తించదంట. ఆ రేకు కింద ఒకసారి నిలబడి చూస్తే తెలుస్తుంది.

నేను చేతులు తుడుచుకుని వచ్చేలోపే మా రాజంపేట పిల్లోడు ఎయిర్ క్లీనర్ తీసి, వాటర్ బాటిల్‌లో పెట్రోల్ పట్టుకుని కార్బొరేటర్ నోట్లో పోయబోతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపా. మన దగ్గరా ఇదే అలవాటు, ఇక్కడా ఇదే అలవాటు, ఒకడు పోస్తుంటాడు ఇంకొకడు సెల్ఫ్ కొడుతుంటాడు, టైమింగ్ తేడా ఉండి ఒక్కసారి వెనక్కి కొట్టిందంటే మంట నేరుగా మొహం మీదకి వస్తుంది, చేతిలో ఉన్నది పెట్రోల్ బాటిల్. అసలు పొయ్యాల్సిన పనే లేదు. ఇంజన్ ఆపి ఉంచి, చోక్ రేకు వేలితో తెరిచి, లోపలికి చూస్తూ యాక్సిలరేటర్ లింకు చేత్తో లాగితే రెండు సన్నటి ధారలు చిమ్మాలి. చిమ్మితే కార్బొరేటర్ గిన్నె, అంటే బౌల్‌లో పెట్రోల్ ఉంది, కనీసం ఒకసారి అందుకోవడానికి సరిపడా ఉంది. ఈ బండికి బ్రహ్మాండంగా చిమ్మింది. పెట్రోల్ సంగతి నిమిషంలో తేలిపోయింది, ఆ నిమిషం పెట్టకుండా పంపు, కిట్టు రెండూ వేసేశారు పాపం.

ఇక కరెంటు. నేను కడపలో నేర్చుకున్నది అంబాసిడర్ల మీద, అక్కడ కాయిల్ కరెంటుని కట్ చేసే పాయింట్లు, కండెన్సర్, పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల గ్యాప్, గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు మడిచి పెట్టి సరిచేసేవాళ్ళం. కాప్రిస్‌లో పాయింట్లు ఉండవు, 1975 నుంచి జీఎం (షెవర్లే తయారుచేసే జనరల్ మోటార్స్) బండ్లకి హెచ్‌ఈఐ అని ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది) వచ్చింది, వోల్టు పెంచే కాయిల్ కూడా క్యాప్ నెత్తిమీదే ఉంటుంది. కానీ లోపల జరిగే కథ అదే, కాయిల్‌కి కరెంటు ఇస్తూ సరిగ్గా టైముకి కట్ చెయ్యాలి, పాయింట్లు చేసే పని ఇక్కడ పికప్ కాయిల్ (టైము చెప్పేది), మాడ్యూల్ (కట్ చేసేది) కలిసి చేస్తాయి. పాత పని వచ్చినోడికి ఇది కొత్తేం కాదు. ఒక్క జాగ్రత్త, అంబాసిడర్ వైరు పట్టుకున్నట్టు దీని ప్లగ్ వైరు చేత్తో పట్టుకోకూడదు, 35,000 వోల్టుల దాకా పోతుంది.

ప్లగ్ వైరుకి టెస్టర్ పెట్టి సెల్ఫ్ కొట్టమన్నా, స్పార్క్ లేదు. బ్యాటరీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వైరు దగ్గర మీటర్ పెడితే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కూడా 10 వోల్టుల పైనే ఉంది, అంటే సప్లై బాగుంది. తర్వాత డిస్ట్రిబ్యూటర్ మీద టాక్ అని రాసుండే టెర్మినల్‌కి టెస్ట్ లైట్ పెట్టా. సెల్ఫ్ తిరుగుతుంటే అది టకటకా ఆరి వెలగాలి. ఆగకుండా వెలుగుతూనే ఉంది. అంటే కాయిల్‌ని ఎవరూ కట్ చెయ్యట్లేదు, దొంగ ఎవరంటే మాడ్యూల్ అయినా అవ్వాలి పికప్ అయినా అవ్వాలి.

అందరూ ఇక్కడ మాడ్యూల్ కొనేస్తారు. నేను ముందు పికప్ వైర్లు రెండూ మాడ్యూల్ నుంచి ఊడదీసి మీటర్ పెట్టా. 500 నుంచి 1500 ఓమ్స్ మధ్య రావాలి, ఎనిమిది వందల చిల్లర చూపించింది. పిల్లోడు "అన్నా, బాగానే ఉండాది కదా" అన్నాడు. మీటర్ అలాగే ఉంచి, స్పార్క్ టైముని జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ ప్లేటుని వేలితో మెల్లగా ముందుకీ వెనక్కీ తిప్పా, సగంలో అంకె ఎగిరిపోయి ఓపెన్, అంటే వైరు తెగినట్టు చూపించింది, మళ్ళీ తిప్పితే వచ్చింది, మళ్ళీ పోయింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఆ ప్లేటు కదులుతుంది, దానితో పాటు ఆ సన్నటి వైర్లూ వంగుతాయి, నలభై ఏళ్ళకి పైనున్న ప్లాస్టిక్ తొడుగు లోపల రాగి తెగిపోయి పైకి మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. ఈ రకం తెగుడు కళ్ళతో చూసి పట్టుకోలేం, కదిలించి చూడాల్సిందే.

పికప్ మార్చాలంటే డిస్ట్రిబ్యూటర్ బయటికి తీసి, అడుగున గేరు పిన్ను కొట్టి, షాఫ్టు లాగాలి. ఇది ఇంజన్ వెనకాల ఫైర్‌వాల్‌కి ఆనుకుని ఉంటుంది, ఫెండర్ మీద పడుకుని చెయ్యాలి, పొట్టకి దుప్పటి వేసుకోకపోతే కాలుతుంది. తీసే ముందు రోటర్ (క్యాప్ కింద తిరిగే ముల్లు) ఎటు చూస్తుందో పెయింట్ చుక్క పెట్టించా. పైకి లాగేటప్పుడు రోటర్ కొంచెం తిరుగుతుంది, గేరు పళ్ళు వాలుగా ఉంటాయి గనక, అందుకని ఆ తిరిగిన చోట కూడా ఇంకో చుక్క, మళ్ళీ దించేటప్పుడు రెండో చుక్క దగ్గర మొదలుపెడితే మొదటి చుక్క మీదకి వచ్చి కూర్చుంటుంది. ఎలాగూ విప్పాం కదా అని మాడ్యూల్ ఎత్తి చూస్తే కింద తెల్ల సిలికాన్ గ్రీజు ఎండిపోయి బూడిదైంది. వేడి కిందకి దిగేది దాని ద్వారానే, అది లేకుండా ఈ దేశంలో మాడ్యూల్ ఎండాకాలం దాటదు. శుభ్రంగా తుడిచి కొత్తది రాశా.

కొత్త పికప్ వేసి డిస్ట్రిబ్యూటర్ మళ్ళీ దించి సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. టైమింగ్ లైట్ పెట్టి సరిచేశాక పెద్దాయన బానెట్ పక్కనే నిలబడి చాలాసేపు ఇంజన్ సౌండ్ విన్నాడు, లేబర్ ఎంత అని మా మేనేజర్‌ని అడిగి అంతేనా అని మళ్ళీ అడిగాడు. రెండు పూటల పని, చిన్న స్పేరు, మాకు వీసా ఇచ్చిన కఫీల్‌కి పెద్దగా మిగిలింది లేదు, నాకు మాత్రం ఐదు దినార్ల నోటు జేబులో పెట్టి పోయాడు. అప్పటినుంచి రఫీక్ కాస్తా ఉస్తాద్ అయింది.

తర్వాత వాళ్ళ బావమరిది కాప్రిస్ కూడా వచ్చింది, అదీ తిరుగుతుంది అందుకోదు, పికప్పే అయ్యుంటది అని ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చారు. సెల్ఫ్ సౌండ్ వినగానే తేడా తెలిసింది, ఇంజన్ మరీ తేలిగ్గా, బరువే లేనట్టు తిరుగుతోంది. క్యాప్ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పితే పుల్లీ చాలా దూరం తిరిగాక గానీ రోటర్ కదల్లేదు. టైమింగ్ చైన్, అంటే క్రాంక్ తిరుగుడుతో వాల్వులు తెరిచే క్యామ్‌ని తిప్పే గొలుసు. ఆ రోజుల్లో జీఎం వాళ్ళు సౌండ్ రాకుండా క్యామ్ గేరు పళ్ళకి నైలాన్ తొడుగు వేసేవాళ్ళు, అది పాతబడి వేడికి ముక్కలై ఆయిల్ చాంబర్లో రాలిపోతుంది, చైన్ పళ్ళు దాటేస్తుంది. వాటర్ పంపు దించాలి, ముందు కవర్ విప్పాలి, చాంబర్ కూడా దించి ఆ ముక్కలు ఏరాలి అని చెప్తే బావమరిది మొహం మాడింది, పెద్దాయన మాత్రం "వీడు చెప్పినట్టు చెయ్యి" అని బండి అక్కడే వదిలేయించాడు.