ఎండపూట ఇస్క్రా లెక్క

మే నెల, మంగళవారం. మధ్యాహ్నానికి బయట 40 డిగ్రీలు.

ఇంత ఎండ కాసినప్పుడు ఏ విమానం గురించి ఆలోచించినా ముందు చూడాల్సింది గాలి సాంద్రతే. పోలండ్ వాతావరణానికి తయారైన జెట్ శిక్షణ విమానం టీఎస్-11 ఇస్క్రాని 1970ల మధ్య నుంచి 2004 దాకా మన హకీంపేటలో ఎగరేశారు. అందుకని ఇవాళ్టి లెక్క దాని మీద.

హకీంపేట వైమానిక స్థావరం సముద్ర మట్టానికి రమారమి 600 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల్లో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. ఇక్కడ, ఈ ఎండలో, 1.05 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అంటే సుమారు 15 శాతం తరుగు. నేల విడవడానికి స్పీడోమీటర్ ముల్లు చూపించాల్సిన అంకె మారదు కానీ, పలచటి గాలిలో ఆ అంకె రావాలంటే నేల మీద 8 శాతం ఎక్కువ వేగంతో పరుగెత్తాలి. వేగం వర్గం లెక్కన శక్తి 17 శాతం ఎక్కువ కావాలి. అదే సమయంలో ఇంజిన్ థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, కనీసం 15 శాతం పడిపోతుంది. రెండూ కలిస్తే టేకాఫ్ పరుగు 40 శాతం దాకా పెరుగుతుంది. చక్రాల రాపిడిని కలిపితే ఇంకాస్త.

ఇక బరువు. ఖాళీ విమానం 2,560 కిలోలు. ఇంధనం మొత్తం 1,200 లీటర్లు: రెక్కల్లో చెరో 315, పొట్టలో 500, ఇంజిన్‌కి అందించే చిన్న ట్యాంకులో 70. కిరోసిన్ బరువు కట్టుకుంటే సుమారు 950 కిలోలు. గురువు, శిష్యుడు, వాళ్ల పారాచూట్లు కలిపి 200 అనుకుందాం. మొత్తం 3,700 దాటింది, గరిష్ఠ పరిమితి 3,840. ఇంత బరువుని లాగేది 1,000 కిలోల థ్రస్ట్ ఉన్న ఒక్క ఇంజిన్, అదీ చల్లటి రోజున. ఎండాకాలంలో ఫ్లయింగ్‌ని తెల్లవారుజాముకు జరపడం, సర్క్యూట్లు (ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ దిగే అభ్యాసం) కొట్టే రోజున ట్యాంకులు నిండా నింపకపోవడం ఎందుకో ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

స్టార్ట్ చేసేటప్పుడూ ఎండ ఊరుకోదు. ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలపాలి. తోక వైపు నుంచి గాలి కొడితే వేడి వాయువులు సరిగ్గా బయటికి పోవు. ఇంధనం వెలిగాక కళ్లు రెండు ముళ్ల మీద ఉండాలి, ఒకటి వాయువుల ఉష్ణోగ్రత, రెండోది ఇంజిన్ నిమిషానికి తిరిగే చక్కర్లు. ఉష్ణోగ్రత ఎగబాకుతూ చక్కర్లు ఒకచోట ఆగిపోయాయంటే ఇంధనం కట్టేయాలి. ఇంకో సెకను చూద్దామనుకుంటే టర్బైన్ బ్లేడ్లు పోతాయి. తర్వాత ఇంధనం లేకుండా ఇంజిన్‌ని తిప్పి లోపల మిగిలిన కిరోసిన్‌ని ఊదేయాలి, స్టార్టర్ చల్లారనివ్వాలి, అప్పుడే రెండో ప్రయత్నం. ఊదకుండా మళ్లీ వెలిగిస్తే తోక కింద నుంచి మంట వస్తుంది.

తోక మాట వచ్చింది కాబట్టి ఆ ఆకారం సంగతి. ఇస్క్రా ఇంజిన్ కాక్‌పిట్ వెనకే ఉంటుంది, ఎగ్జాస్ట్ అక్కడే పొట్ట కింద ముగుస్తుంది. తోక మాత్రం దానికి పైనుంచి దూలంలా సాగుతుంది. చూడ్డానికి రెండు విమానాలు అతికించినట్టున్నా లాభం స్పష్టం. వాయువులు తోక చివరిదాకా పొడవాటి గొట్టంలో ప్రయాణించక్కర్లేదు, ఆ రాపిడిలో థ్రస్ట్ పోదు, గొట్టం బరువూ ఉండదు. గాలి లోపలికి వెళ్లే ద్వారాలు రెక్కల మొదట్లో ఉంటాయి. చిక్కు అక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

డిజైనర్ తదేఉష్ సోవ్తిక్. 1948లో ఎగిరిన యూనాక్, 1955లో ఎగిరిన టీఎస్-8 బియెస్ ఆయనవే. రెండూ పిస్టన్ ఇంజిన్ శిక్షణ విమానాలు. యుద్ధం తర్వాత పోలండ్‌లో శిక్షణ విమానాల సంప్రదాయమంటూ ఏర్పడిందంటే అందులో సింహభాగం ఈయనదే. ఇస్క్రా 1960 ఫిబ్రవరి 5న మొదటిసారి ఎగిరింది. నడిపింది ఆంజెయ్ అబ్వమోవిచ్. ఆ రోజు లోపలున్నది పోలండ్ ఇంజిన్ కాదు, బ్రిటన్ వైపర్! సొంత ఇంజిన్ అప్పటికి చేతికి రాలేదు. తర్వాతి ప్రోటోటైపులకు హెచ్‌ఓ-10 అనే తాత్కాలిక ఇంజిన్ పెట్టారు, దాని థ్రస్ట్ అనుకున్న 1,000 కిలోలకు చాలా తక్కువ. అసలు కావలసిన ఎస్‌ఓ-1, ఆ తర్వాత మెరుగుపరచిన ఎస్‌ఓ-3 వచ్చేసరికి మ్యెలెత్స్ కర్మాగారంలో విమానాల తయారీ మొదలై కొన్నేళ్లయింది.

ఈ ఆలస్యం ఖరీదు 1961లో మాస్కో దగ్గర మోనినోలో కనిపించింది. వార్సా ఒప్పంద దేశాలన్నిటికీ, అంటే సోవియట్ సైనిక కూటమికి, ఒకే జెట్ శిక్షణ విమానం ఎంచాలని పోటీ పెట్టారు. ఇస్క్రా, సోవియట్ యాక్-30, చెకొస్లొవేకియా ఎల్-29 దిగాయి. ఎల్-29 గెలిచింది. పోలండ్ ఒప్పుకోకుండా తన విమానమే వాడుకుంది. దీన్ని ఒట్టి రాజకీయమని కొట్టిపారేసేవాళ్లు చాలామంది. నాకు ఆ వాదన పూర్తిగా మింగుడుపడదు. ఎల్-29 వేగంలో వెనకబడినా, దాని ఎం-701 ఇంజిన్‌లో సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ (గాలిని గిర్రున తిప్పి అంచులకు విసిరి నొక్కేది) ఉంది. బరువెక్కువ, లావెక్కువ, కానీ మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది. శిష్యుడు థ్రాటిల్‌ని (ఇంజిన్ బలం పెంచే, తగ్గించే పిడిని) దబాయించి తోసినా, గడ్డి మైదానంలో దుమ్ము మింగినా సర్దుకుపోతుంది. ఇస్క్రా ఇంజిన్‌లోని ఏడు దశల యాక్సియల్ కంప్రెసర్, అంటే వరసగా ఉన్న బ్లేడ్ల చక్రాలతో గాలిని నొక్కేది, అలా కాదు. గాలి ప్రవాహం కాస్త చెదిరితే బ్లేడ్లు విదిలించుకుంటాయి, ఇంజిన్ ఊపిరాడనట్టు దగ్గుతుంది. వేల సంఖ్యలో కుర్రాళ్ల చేతుల్లో పెట్టాల్సిన యంత్రానికి మొండితనం కూడా ఒక గుణమే. సొంత ఇంజినే ఇంకా కుదరని విమానాన్ని పక్కన పెట్టారంటే అందులో కొంత న్యాయం ఉంది. అలాగని ఇస్క్రా చేతకానిదేం కాదు. 1964లో తన తరగతిలో నాలుగు ప్రపంచ రికార్డులు తెచ్చుకుంది, గంటకు 839 కిలోమీటర్ల వేగం వాటిలో ఒకటి.

అందుకే ఇస్క్రా మీద పాఠం థ్రాటిల్‌తో మొదలవ్వాలి. దిగేటప్పుడు చక్కర్లు అట్టడుగుకు పడిపోనివ్వకూడదు. అట్టడుగు నుంచి పూర్తి 15,600 చక్కర్లకు ఇంజిన్ ఎక్కడానికి టైం పడుతుంది, రన్‌వే చివర ఆ టైం ఉండదు. పిస్టన్ విమానం నుంచి వచ్చిన శిష్యుడికి ఇది చేత్తో తెలియాల్సిన విషయం, చెబితే ఎక్కదు.

భారత వాయుసేన 1975లో 50 ఇస్క్రాలు కొంది, 1990లలో మరికొన్ని. మన కిరణ్ శిక్షణ విమానంలో గురుశిష్యులు పక్కపక్కన కూర్చుంటారు, ఇస్క్రాలో ముందూ వెనకా. ఫైటర్ల వైపు వెళ్లే క్యాడెట్‌కి ఈ అమరికే మేలు. పక్కన ఎవరూ కనబడరు, విమానం నడిమధ్య గీత మీద కూర్చుని చూపు అలవాటు చేసుకుంటాడు. గురువు ముఖం చూసి తప్పొప్పులు పసిగట్టే సౌకర్యం పోతుంది, అదీ మంచిదే. 2004 డిసెంబరులో ఇక్కడ వీటిని విరమించారు. పోలండ్‌లో మాత్రం 2016 తర్వాత ఇటలీ ఎం-346లు వచ్చేదాకా అక్కడి వాయుసేన శిక్షణ కేంద్రమైన దెంబ్లిన్‌లో జెట్ శిక్షణ ఇస్క్రా మీదే సాగింది.

ఇప్పుడు ఆ గాలి ద్వారాల చిక్కు. ముక్కు చక్రం ముందుంటుంది, ద్వారాలు దాని వెనక. చక్రం ఎగరేసిన గులకరాయి లోపలికి పోతే మొదట తగిలేది కంప్రెసర్ మొదటి దశ బ్లేడ్లకు. అంచు మీద చిన్న గాటు పడితే వెంటనే ఏమీ కాదు. ఆ గాటు దగ్గర ఒత్తిడి పోగవుతుంది, బ్లేడు కంపించినప్పుడల్లా పగులు కొంచెం సాగుతుంది. ద్వారంలో గుడ్డముక్కో పక్షి ఈకలో అడ్డం పడ్డా అంతే. ప్రతి చుట్టులో బ్లేడు ఒకచోట పలచటి గాలిలోకి దిగి మళ్లీ బయటపడుతుంది, ఆ తోపుడు బ్లేడు సహజ కంపనంతో కలిసిందంటే అలసట పగులు పరుగందుకుంటుంది. ఎస్‌ఓ-3లో మొదటి దశ బ్లేడ్లు ఇలాగే విరిగి ప్రమాదాలు జరిగాయి.

వార్సాలోని వాయుసేన సాంకేతిక సంస్థ దీనికి 1990ల మొదట్లో ఒక ఉపాయం కట్టింది. మొదటి దశకు ఎదురుగా కేసింగ్‌లో (ఇంజిన్ పై తొడుగులో) ఇండక్టివ్ సెన్సర్, అంటే లోహం దగ్గరికి రాగానే పసిగట్టేది, బిగించారు. ప్రతి బ్లేడు కొస దాని ముందుకు వచ్చే క్షణాన్ని కొలుస్తారు. బ్లేడు వంగుతుంటే అది రావాల్సిన క్షణం కంటే కాస్త ముందో వెనకో వస్తుంది. ఆ తేడాయే కంపనం కొలత. ఇంజిన్ విప్పక్కర్లేదు. మిగతా బ్లేడ్ల కంటే ఒకటి వేరేగా ఊగుతోందంటే, దాన్నే ఆపి చూస్తారు.