పై స్లాబు నుంచి కిందికి: కరెంటు బిల్లు తగ్గించుకున్న నా అనుభవం

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని కూర్చున్నప్పుడు మేము ముందుగా కూరగాయలు, సరుకుల పద్దులే చూశాము. విశాఖపట్నంలో సీతమ్మధార రైతుబజారుకు ఏళ్ల తరబడి వెళ్తున్న ఇల్లు మాది కాబట్టి అక్కడ ఇంకా మిగిల్చగలిగింది పెద్దగా కనిపించలేదు. పద్దుల పుస్తకంలో వేసవి రాగానే అమాంతం పెరిగి, దసరా తరువాత గానీ తగ్గని అంకె ఒక్కటే ఉంది: కరెంటు బిల్లు. ఒక మే నెలలో అది 430 యూనిట్లకు చేరింది. ఆ బిల్లుతోనే మొదలుపెట్టాను.

బిల్లు వెనుక ఉన్న లెక్క తెలియకుండా లైట్లు ఆర్పుకుంటూ తిరగడం వల్ల ప్రయోజనం తక్కువ. మన రాష్ట్రంలో 2022 నుంచి గృహ వినియోగదారులందరికీ ఒకే స్లాబుల పట్టిక, అంటే వాడకం పెరిగేకొద్దీ మెట్లుమెట్లుగా ధర పెరిగే పట్టిక, అమలైంది. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. అంతకుముందు ఏ, బీ, సీ గ్రూపులు ఉండేవి. వినియోగం హద్దు దాటితే గ్రూపు మారి, కింది యూనిట్ల ధర కూడా పెరిగేది. ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు కాబట్టి, 225 దాటితే బిల్లు మొత్తం పై ధరకే పడుతుందని మా అపార్ట్‌మెంటులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ పట్టిక ప్రకారం అది నిజం కాదు. పై స్లాబులో పడిన యూనిట్లకే పై ధర పడుతుంది. అంటే మనం ఆదా చేసే ప్రతి యూనిట్ కూడా బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన చివరి యూనిట్ల నుంచే తగ్గుతుంది. మా 430 యూనిట్లలో మొదటి 225కు పడింది రూ.1,017 మాత్రమే, మిగిలిన 205 యూనిట్లకు రూ.1,800 దాటింది. ఈ సంగతి అర్థమయ్యాక ఇల్లంతా పొదుపు చేయాలన్న ఆలోచన మానేసి, ఆ 205 యూనిట్లను తింటున్నది ఏమిటో వెతకడం మొదలుపెట్టాను.

అందుకు ఏ పరికరమూ కొనలేదు. డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది, దాని పక్కనే ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో అచ్చు వేసి ఉంటుంది. మా మీటరు మీద 3,200 అని ఉంది. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క వస్తువు మాత్రమే నడుపుతూ, నిమిషంలో ఎన్ని మిణుకులు వచ్చాయో లెక్కపెట్టి 18.75తో గుణిస్తే ఆ వస్తువు ఎన్ని వాట్లు తీసుకుంటోందో తెలుస్తుంది. అంకె వేరుగా ఉన్న మీటరుకైతే అరవై వేలను ఆ అంకెతో భాగించి, 18.75కు బదులు వచ్చినదానితో గుణించుకోవాలి. మీటర్లన్నీ సెల్లార్‌లో ఉండటం వల్ల మావారు కింద ఫోను పట్టుకుని నిలబడితే, నేను పైన ఒక్కొక్క స్విచ్చీ వేస్తూ పోయాను. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి ఏమైందని అడిగి వెళ్లాడు. ఏసీ, ఫ్రిజ్ లాంటివి మధ్యమధ్య ఆగి నడుస్తాయి కాబట్టి వాటికి ఒక్క నిమిషపు లెక్క సరిపోదు; మీటరు రీడింగును రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారాక ఒకసారి రాసుకుని చూడాలి.

అలా చూస్తే ఏసీకి రాత్రికి సుమారు ఏడు యూనిట్లు పడుతున్నాయి, అంటే నెలకు 210, దాదాపు సగం బిల్లు. ఇది ఊహించిందే. ఊహించనిది పాత సీలింగ్ ఫ్యాన్ల సంగతి. ఒక్కొక్కటి నిమిషానికి నాలుగు మిణుకులు, అంటే 75 వాట్లు. ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న ఈ ఊళ్లో ఫ్యాను రోజుకు పదిహేను గంటలకు తక్కువ తిరగదు. మూడు ఫ్యాన్లకు కలిపి నెలకు వంద యూనిట్లు! ఎవరూ ఏమీ వాడనప్పుడు కూడా నిమిషానికి రెండు మిణుకులు కనిపించాయి. వెతికితే సెట్‌టాప్ బాక్సు, రౌటరు, ఎవరూ తెరవని పాత కంప్యూటరు కింద ఉన్న యూపీఎస్ తేలాయి. తక్కువే అనిపిస్తుంది కానీ రాత్రింబగళ్లు సాగుతుంది కాబట్టి నెలకు ఇరవై ఏడు యూనిట్లు అవుతుంది. రౌటరును వదిలి మిగతావాటిని ప్లగ్గు దగ్గరే ఆపేశాము, ఆ పని అంతటితో అయిపోయింది.

లైట్ల గురించి చెప్పుకోవలసింది లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. ఇంచుమించు ఆ కాలంలోనే ఇళ్లలో కూడా ఆ మార్పు జరిగిపోయింది. తొమ్మిది వాట్ల బల్బు ఆర్పలేదని పిల్లలను కోప్పడటం, ఆర్పారని మెచ్చుకోవడం రెండూ అనవసరం.

ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ రకం పెట్టించాము. అవి రెండు నిమిషాలకు మూడు మిణుకులే, అంటే ఇరవై ఎనిమిది వాట్లు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి కావడంతో కొనేటప్పుడు పోల్చి చూడటం సులువైంది. ఒక్కొక్క ఫ్యాను దాదాపు మూడు వేలు పడింది. ఫ్యానుకు నెలకు ఇరవై యూనిట్లు తగ్గితే వేసవిలో రూ.175, మిగతా నెలల్లో రూ.120 లేదా అంతకు తక్కువ మిగులుతుంది; అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి రెండేళ్లు పడుతుంది. అందుకే మూడూ ఒకేసారి కొనకుండా, ఎక్కువసేపు తిరిగే హాలు ఫ్యానుతో ప్రారంభించి, తగ్గిన బిల్లు చూశాకే తరువాతివి కొన్నాము. ఈ ఫ్యాన్లకు పాత రెగ్యులేటరు పనికిరాదు, దాన్ని తీయించి నేరుగా స్విచ్చికే కలిపించాలి.

ఏసీ విషయంలో డబ్బు కన్నా ఓర్పు ఎక్కువ ఖర్చయింది. 2020 నుంచి అమ్మే గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా రావాలని నిబంధన ఉంది, ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. మా ఇంట్లో మాత్రం 22 పెట్టుకుని దుప్పటి కప్పుకునే అలవాటు. 27 పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుదామన్నాను. మా అత్తయ్యగారిది విజయనగరం వైపు. "ఏటమ్మా, చల్లగాలికి కూడా పద్దు రాస్తావేటి?" అని నవ్వారు గానీ, రెండో వారం నుంచి రిమోట్ ఆవిడ చేతిలోనే ఉండి, ఎవరైనా తగ్గించబోతే ఒప్పుకునేవారు కాదు. సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి తిరిగాక కిటికీలు తెరిచి, గది చల్లబడ్డాకే మూసి ఏసీ వేయడం కూడా ఆవిడ పెట్టిన పద్ధతే. రాత్రికి ఏడు యూనిట్లు ఐదయ్యాయి. బీచ్‌కు దగ్గరగా ఉండేవారు ఇంకో పని చేయాలి: బయట ఉండే ఏసీ పెట్టె రేకులకు ఉప్పు పట్టి తుప్పు వస్తుంది, గాలి ఆడక యంత్రం ఎక్కువసేపు తిరుగుతుంది. వేసవికి ముందు దాన్ని మంచినీళ్లతో కడిగించడం, లోపలి ఫిల్టరు జల్లెడను రెండు వారాలకోసారి మనమే కడుక్కోవడం తప్పనిసరి.

వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ల వాష్ మానేశాము. గీజరు ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లోనే వాడతాము కాబట్టి దాని జోలికి పోలేదు. ఇండక్షన్ స్టవ్ కొంటే గ్యాసు మిగులుతుందని సలహా ఇచ్చినవారు ఉన్నారు, వేసవిలో రూ.8.75 పడే యూనిట్‌తో వంట చేయడం మా లెక్కలో గ్యాసు కన్నా చవక కాలేదు. సోలారు పలకల గురించి కూడా విచారించాను. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు రూ.78,000 వరకు సబ్సిడీ వస్తుంది, సొంత డాబా ఉన్నవారికి మంచి అవకాశం. మాది ఫ్లాటు, పై కప్పు అందరిదీ. అందరూ కలిసి కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

మరుసటి మే నెలలో 270 యూనిట్లు వచ్చాయి. పాత బిల్లులో కరెంటు ఛార్జీలు సుమారు రూ.2,840, కొత్తదానిలో రూ.1,410. స్థిర ఛార్జీలు, సుంకాలు, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. యూనిట్లు మూడో వంతుకు కొంచెం మించి తగ్గితే, ఛార్జీలు సగానికి సగం తగ్గాయి.

ఆ తరువాత నా దృష్టి పాత ఫ్రిజ్ మీద పడింది. నెలకు 45 యూనిట్లు తీసుకుంటోంది. కొత్తదైతే 25తో సరిపోవచ్చు. మిగిలే ఇరవై యూనిట్లకు వేసవిలో రూ.175 వస్తుంది. మిగతా నెలల్లో మేమిప్పుడు 225 లోపే ఉంటున్నాము, అప్పుడు వచ్చేది రూ.120. పాతిక వేల ఫ్రిజ్‌కు ఆ లెక్క పదేళ్లకు కూడా తీరదు. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే జారిపోతోంది గనుక చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మాత్రం మార్పించి, వెనుక గోడకు జానెడు దూరం జరిపించి, ఫ్రిజ్‌ను అలాగే ఉంచాను.